తెర పక్కన నిలబడిన గొంతు

(కడపలో నాటక, రేడియో అభిమానుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

అనౌన్సర్ల గురించి మాట్లాడమని మిత్రులు అడిగారు. ఒక్క సాయంత్రంలో తెమిలే విషయం కాదు కాబట్టి ఒక మూల మాత్రం పట్టుకుంటాను. టెలివిజన్ ఆటల పోటీల్లో పేర్లు పిలిచి, బహుమతులు వర్ణించి పేరు తెచ్చుకున్న గొంతులు కొన్ని ఉన్నాయి. ఆ ఆటల బయట వాళ్లు చేసిన నటన, గాత్రం ఎలాంటివన్నది ఈ రోజు నా విషయం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఎందుకో మాటల్లోనే తెలుస్తుంది.

మన దగ్గర పోటీ కార్యక్రమమంతా యాంకరే నడుపుతారు. అమెరికాలో ఆ పని ఇద్దరు పంచుకుంటారు. తెర మీద కనిపిస్తూ ఆటను నడిపేది ఒకరు. పక్కన మైకు ముందు నిలబడి పోటీదారులను పిలిచేది, ఇవ్వబోయే కారునో ఫ్రిజ్‌నో నోరూరేలా వర్ణించేది ఇంకొకరు. రికార్డింగ్ మొదలయ్యే ముందు హాల్లోని జనాన్ని ఉత్సాహపరిచే పని కూడా ఎక్కువగా ఆ రెండో మనిషిదే. అనౌన్సర్ అంటే అతనే. ఇంటిల్లిపాదికీ అతని గొంతు తెలుసు, ముఖం చాలామందికి తెలియదు.

నేను ఇదే ఊళ్లో, 900 కిలోహెర్ట్జ్ మీద వినిపించే మన ఆకాశవాణి కడప కేంద్రంలో కొన్నేళ్లు క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను. మొదటి రోజు ఎర్రదీపం వెలగగానే సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు గొంతు పెంచాను. డ్యూటీ ముగిశాక ఒక పెద్దాయన నన్ను కూర్చోబెట్టి, 'ఎవరితో మాట్లాడావు?' అని అడిగారు. శ్రోతలతో అన్నాను. 'శ్రోతలు అనే మనిషి ఎక్కడా ఉండడు. రాత్రి కరెంటు కోసం వేరుశనగ చేలో బావి గట్టున ఒకాయన కాచుకుని ఉంటాడు. పక్కన రేడియో పెట్టుకుని ఉంటాడు. ఆయన ఒక్కడే ఉన్నాడు, చీకట్లో ఉన్నాడు. ఆయనతో మాట్లాడు' అన్నారు. ఆ తర్వాత నేను ఏ మైకు ముందు కూర్చున్నా ఆ బావి గట్టు కనిపిస్తూనే ఉంది.

చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషి గొంతును నమ్ముతాడు. అనౌన్సర్ రోజూ సరైన సమయం చెప్పి, సరైన పేరు చెప్పి, తప్పు దొర్లితే దిద్దుకుని ఆ నమ్మకాన్ని కొద్దికొద్దిగా కూడబెడతాడు. నటనలోకి వచ్చినప్పుడు అతను ఖర్చు పెట్టేది ఈ మూలధనాన్నే. అనౌన్సర్ నటనకూ మామూలు నటనకూ తేడా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నటుడు మరొకరిగా మారి మనల్ని నమ్మిస్తాడు. అనౌన్సర్ తాను మారడు. మనం ముందే నమ్మిన గొంతును తెచ్చి కథకు అరువిస్తాడు.

జార్జ్ ఫెన్నిమన్ అనే ఆయనను చూడండి. అమెరికన్ హాస్యనటుడు గ్రౌచో మార్క్స్ నడిపిన హాస్యపు ప్రశ్నల పోటీకి ఆయన అనౌన్సర్. అది 1947లో రేడియోలో మొదలై, తర్వాత టెలివిజన్‌కు వచ్చి 1961 దాకా నడిచింది. గ్రౌచో ఎంత ఏడిపించినా మర్యాద తప్పని పెద్దమనిషిగా ఫెన్నిమన్ జనానికి తెలుసు. అదే మనిషి 'డ్రాగ్నెట్' అనే పోలీసు ధారావాహికకు ముందుమాట చెప్పేవారు. ఈ కథ నిజమైనదని, అమాయకులను కాపాడటానికి పేర్లు మాత్రమే మార్చామని ఆ మాటల సారాంశం. ఆ గొంతులో వణుకు లేదు, భయపెట్టే ప్రయత్నం లేదు. సమయం ఎంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పారు. అలా చెప్పినందువల్లే, రాబోయేది నిజంగా జరిగిందని వినేవాడికి వెన్నులో తెలిసేది. 1951లో హాలీవుడ్ తీసిన 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' సినిమాలో ఆయన శాస్త్రవేత్తగా కూడా కనిపించారు. అయినా ఆయన నటనలో నాకు శిఖరంగా తోచేది ఆ రెండు వాక్యాలే.

గ్యారీ ఓవెన్స్ అనే మరో అమెరికన్ అనౌన్సర్ పద్ధతి వేరు. 1968లో మొదలైన 'లాఫ్-ఇన్' అనే హాస్య కార్యక్రమంలో ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, మైకు ముందు నిలబడి అర్థంపర్థం లేని మాటలను గంభీరంగా చదివేవారు. పాతకాలపు రేడియో అనౌన్సర్లు తమ గొంతు తమకు వినిపించడానికి అలా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు. గొంతులో నవ్వు ఒక్క పిసరు తొణికినా ఆ హాస్యం చచ్చిపోతుంది. అంతకు ముందే, 1966లో, 'స్పేస్ ఘోస్ట్' అనే కార్టూన్ వీరుడికి గొంతు ఇచ్చారు. అక్కడా అదే గాంభీర్యం. మాట ఎంత వింతదైనా గొంతు మాత్రం దాన్ని నమ్మాలి. మన భాగవతుల మేళాల్లో మంచి హాస్యగాడు తాను నవ్వడు, ఇదీ అలాంటిదే.

రాడ్ రాడీది కూడా ఇదే దారి. 1986 నుంచి 2003లో చనిపోయేదాకా 'ది ప్రైస్ ఈజ్ రైట్' పోటీలో జనాన్ని పేరు పెట్టి పిలిచిన గొంతు ఆయనది. అంతకు ముందు, 1977 నుంచి 1981 దాకా, 'సోప్' అనే హాస్య ధారావాహికకు ఆయన కథకుడు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియని చిక్కుముడి కథను ప్రతివారం మొదట్లో గుక్క తిప్పుకోకుండా వివరించేవారు. చివర్లో ప్రశ్నలు వేసేవారు. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కనిపెట్టాలని నేను చాలాసార్లు విన్నాను. వాక్యం మధ్యలో, అర్థం విరగని చోట, ఎవరికీ తెలియకుండా తీసుకుంటాడు. మన పద్యం చదివేవాళ్లకు ఈ విద్య బాగా తెలుసు.

డాన్ పార్డో గురించి చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు కొంచెం మారుతుంది. 1956లో 'ది ప్రైస్ ఈజ్ రైట్', 1964లో 'జెపర్డీ', ఈ రెండు పోటీలూ మొదలైనప్పటి అనౌన్సర్ ఆయనే. 1963 నవంబరు 22న న్యూయార్క్ స్టేషన్‌లో డ్యూటీలో ఉండగా, అధ్యక్షుడు కెనెడీపై కాల్పులు జరిగాయన్న వార్త ఆయన చేతికి వచ్చింది. మామూలు కార్యక్రమాన్ని ఆపి ఆ కాగితం చదివారు. బహుమతులు వర్ణించిన నోటితోనే చదివారు. 1975 నుంచి 2014లో తొంభై ఆరో ఏట చనిపోయేదాకా, మధ్యలో ఒక్క ఏడాది తప్ప, 'సాటర్‌డే నైట్ లైవ్' అనే హాస్య కార్యక్రమంలో నటుల పేర్లను పిలిచింది ఆయనే. ఉద్యోగ విరమణ తర్వాత అరిజోనాలో స్థిరపడి కూడా ఈ పని కోసం విమానంలో న్యూయార్క్ వెళ్లేవారు. రేడియో యుగం మీద 1987లో వచ్చిన 'రేడియో డేస్' సినిమాలో పోటీ నడిపే మనిషిగా ఒక చిన్న వేషం వేశారు. దుర్వార్త, హాస్యం, సినిమా వేషం, ఈ మూడింటికీ ఒకే గొంతు సరిపోయింది. గొంతు మార్చగలగడమే ప్రతిభ అని మనం పిల్లలకు నేర్పుతున్నాం. మిమిక్రీకి చప్పట్లు కొడుతున్నాం. నిలకడ కూడా ప్రతిభేనని ఎవరైనా వాళ్లకు చెప్పాలి.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా ఆదివారం ఉదయాలు గుర్తున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. దూరదర్శన్‌లో మహాభారతం. తిరిగే చక్రం, వెనుక నుంచి 'నేను కాలాన్ని' అని హిందీలో చెప్పే గొంతు. అది హరీష్ భీమానీది. హిందీ సరిగా రాని మా అమ్మ కూడా ఆ గొంతు రాగానే చేతిలో పని ఆపేది. కాలానికి వయసు ఉండదు, కోపం ఉండదు, పక్షపాతం ఉండదు. అలాంటి పాత్రను వేషంతో ఎలా చూపిస్తారు? వ్యాఖ్యాతగా తయారైన గొంతు దానికి సరిపోయింది.

తెలుగులో ఈ దారి ఇంకా పాతది. కొంగర జగ్గయ్య గారు సినిమాల్లోకి రాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. వార్తలు చదివినవాడికి ప్రతి అక్షరం విడిగా, పూర్తిగా పలికే అలవాటు వస్తుంది. జగ్గయ్య గారి మాటలో ఒత్తులు ఎలా నిలబడతాయో మళ్లీ ఒకసారి వినండి. శివాజీ గణేశన్‌కు తెలుగులో ఆయన గొంతు ఇచ్చారు. అంత పెద్ద నటుడి ముఖంలోని ఉద్వేగానికి సరితూగే గొంతు, ముఖం కనబడకుండా నిలవాలి. ఢిల్లీ నుంచే వార్తలు చదివిన ఏడిద గోపాలరావు గారు రంగస్థలం మీద గాంధీ వేషంతో పేరు పొందారు. దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు 1983 నవంబరు 14న చదివిన శాంతి స్వరూప్ గారు, చదవాల్సిన మాటలు కళ్లముందు చూపించే ప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలను కంఠస్థం చేసి కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. నాటకంలో పాఠం కంఠస్థం చేయడానికి నెల రోజులుంటాయి. ఆయనకు ఉన్నది ఆ సాయంత్రం ఒక్కటే.

డబ్బింగ్ చేయాలనుకునే పిల్లలు కొందరు ఇక్కడ ఉన్నారని తెలిసింది. వాళ్ల కోసం కొంచెం పని మాట. తెర మీది మనిషి పెదవులు కలిసే చోట మీ మాటలోనూ పెదవులు కలిసే అక్షరం రావాలి. ప, బ, మ. అది తప్పితే చూసేవాడి కన్ను వెంటనే పట్టేస్తుంది. తెలుగుకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. మన మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచి ఉంటుంది. తమిళం, ఇంగ్లీషు మాటల్లో హల్లుతో ముగిసేవి చాలా ఉంటాయి, 'మ్' లాంటి హల్లు వస్తే నోరు మూసుకుపోతుంది. అక్కడ మూసిన నోటికి ఇక్కడ తెరిచిన మాట ఇస్తే అతకదు. అందుకే మంచి డబ్బింగ్ రచయిత మాటల వరస తిప్పి, చివరి అచ్చును కుదించి రాస్తాడు. గాత్రధారి ఆ చివరి అచ్చును మింగకుండా, సాగదీయకుండా వదలాలి. అనౌన్సర్‌గా పనిచేసినవాళ్లకు ఇది తొందరగా అబ్బుతుంది. ఏది ఎన్ని సెకన్లకు రావాలో రాసిన క్యూషీట్‌లో సెకన్లు చూసుకుంటూ మాట్లాడటం వాళ్లకు అప్పటికే అలవాటు.

ఇంకొక మాట, ఇది నొప్పి ఉన్న మాట. ఒకసారి వేరే ఊళ్లో ఒక సంస్థ కోసం డాక్యుమెంటరీకి వ్యాఖ్యానం చదివాను. 'వాక్యం చివర సీమ యాస సాగదీత వినిపిస్తోంది, తీసేయండి' అన్నారు. తీసేశాను. ఆ డాక్యుమెంటరీ మా జిల్లా కరువు గురించే. ఇంటికి వచ్చి విన్నప్పుడు, ఎవరో బయటివాడు వచ్చి మా కరువు గురించి చెబుతున్నట్టు ఉంది. బావి గట్టున కూర్చున్న ఆయన ఆ గొంతును నమ్మడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ రికార్డింగ్ నేను మళ్లీ వినలేదు.

వార్తకు ప్రామాణిక భాష కావాలి, అందులో సందేహం లేదు. కానీ భాష వేరు, గొంతులోని ఊరు వేరు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ, రంగస్థలం మీద రాగాలు తీసే పద్ధతిని కాదని, మనిషి మాట్లాడినట్టు మాట్లాడాలని పోరాడారు. 1885లో మన జిల్లాలోని సురభి గ్రామంలోనే సురభి నాటకం పుట్టింది. ఇలాంటి నేల మీద పుట్టినవాళ్లు గొంతు దాచుకోవలసిన అవసరం ఏముంది? కేరళలో పుట్టిన సుమ గారిని చూడండి. పోటీ కార్యక్రమాలతో ఇంటింటి మనిషి అయ్యారు. 2022లో 'జయమ్మ పంచాయితీ' సినిమాలో శ్రీకాకుళం పల్లెటూరి మహిళగా నటించారు. ఒక యాసను నేర్చుకుని నిలబెట్టడం గౌరవమైనప్పుడు, పుట్టుకతో వచ్చిన యాసను నిలబెట్టుకోవడం తప్పెలా అవుతుంది? సినిమాల్లో సీమ యాసను కత్తి పట్టుకున్నవాడి నోట్లోనే పెట్టి చాలా కాలమైంది. అదే యాసలో ఒక తల్లి జోల, ఒక పంతులు పాఠం, ఒక డాక్టరు ధైర్యం వినిపించే గొంతులు ఈ ఊరి నుంచి రావాలని నా కోరిక. ఇది తీరే కోరికేనని నమ్ముతున్నాను.

చాలాసేపు మాట్లాడాను. ఈ మైకు ఇక్కడే ఉంటుంది, కరెంటు కూడా ఉంది. మూడో వరసలో కూర్చుని ఇందాకటి నుంచి పెదవులు కదుపుతూ వింటున్న అమ్మా, నువ్వు రా. ఇది ఈ రోజు పత్రికలో వచ్చిన వాతావరణ వార్త, నాలుగు వాక్యాలు. మైకుకు జానెడు దూరంలో నిలబడు, నోరు కొంచెం పక్కకు పెట్టు, 'ప' అన్నప్పుడు గాలి తగలకుండా. మమ్మల్ని ఎవరినీ చూడకు. వాన కోసం ఎదురుచూస్తున్న ఒక్క మనిషిని తలచుకుని, ఆయనకు చెప్పు.