థ్రిల్లరా, ప్రేమకథా, చారిత్రకమా? తెలుగు పాపులర్ నవల ఎలా ఎంచుకోవాలి

నమస్కారం అండి. ఇవాళ ఒక్క పుస్తకం రివ్యూ కాదు. చూస్తున్నారుగా, టేబుల్ నిండా నవలలే. ఒక్కొక్కటి తీసి చూపిస్తాను. ఏది ఎవరికి నప్పుతుందో, ఏది ఎవరికి నప్పదో కూడా చెప్తాను.

నన్ను చాలామంది అడిగేది ఒకటే. "తెలుగు నవల చదివి ఏళ్లయిపోయింది, మళ్లీ మొదలుపెట్టాలంటే ఏది తీసుకోమంటారు?" అడిగిన వెంటనే "నాకు థ్రిల్లర్లంటే ఇష్టం" అనో, "ప్రేమకథలు నావల్ల కాదు" అనో ఒక మాట చేరుస్తారు. అంటే జానర్‌ని బట్టి పుస్తకం కొంటున్నారన్నమాట. మన పాపులర్ నవలల విషయంలో అంతకంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ నవల మొదట పాఠకుల చేతికి ఎలా వచ్చింది? పత్రికలో సీరియల్‌గా వచ్చిందా, ప్రయాణంలో చదివి పడేసే చిన్న పుస్తకంగా వచ్చిందా, తీరిగ్గా చదువుకునే పెద్ద నవలగా వచ్చిందా? కథ నడక దాన్నిబట్టే ఉంటుంది. మీ దగ్గరున్న టైమ్‌కి ఆ నడక కుదిరితే పుస్తకం నచ్చుతుంది. కుదరకపోతే ఎంత పేరున్న నవలైనా యాభై పేజీల దగ్గర ఆగిపోతారు.

ముందు అన్నిటికంటే సులువైనది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. ఈ ముగ్గురూ మీ ఇంట్లో పెద్దవాళ్లకి తప్పకుండా తెలిసి ఉంటారు, అడిగి చూడండి. నా దగ్గరున్న ఈ పాత కాపీ అరచేతిలో పట్టేంత ఉంది. లోపల అట్ట మీద అద్దె పుస్తకాల షాపు స్టాంపు, దాని కింద ఎవరెవరు ఎప్పుడు తీసుకెళ్లారో పెన్సిల్‌తో వేసిన తేదీలు. చాలావరకు రెండు తేదీల మధ్య ఒక్క రోజే తేడా! అద్దె రోజు లెక్కన కట్టాలి కదా, అందుకని ఒక్క రాత్రిలో పూర్తయ్యేలా ఉండాలి. అలాగే ఉంటాయి. వర్ణనలు తక్కువ, మాటలు ఎక్కువ. హత్య మొదట్లోనే జరిగిపోతుంది. యుగంధర్ ఎవరినీ కొట్టి నిజం కక్కించడు, అడుగుతాడు, చూస్తాడు, ఆలోచిస్తాడు. ఫోన్ పక్కన పెట్టి రెండు మూడు గంటలు కూర్చోగలిగితే చాలు, ఒక పుస్తకం పూర్తి చేశానన్న ఆనందం దొరుకుతుంది. చదివే అలవాటు తప్పినవాళ్లకి ఆ ఆనందం చాలా అవసరం.

చిన్న పుస్తకాల మాట వచ్చింది కాబట్టి కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. వెయ్యి నవలలు రాసిన మనిషాయన. రైల్వే స్టేషన్లలో ఆయన పుస్తకాలు కొనుక్కుని రైలెక్కేవాళ్లట జనం. తెలుగులో నవల చదవడాన్ని మామూలు మనుషుల దాకా తెచ్చినవాళ్లలో ఆయన ముందు వరసలో ఉంటారు. సాహిత్య చరిత్ర పుస్తకాల్లో ఆయనకి దక్కిన చోటు చాలా తక్కువ. నాకది బాధగా ఉంటుంది.

మధుబాబు గారి షాడో సిరీస్‌కి ఎక్కువ సేపు తీసుకోను. గూఢచారి కథలు, ఫైట్లు, దేశదేశాలు తిరగడం. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లాడు ఇంట్లో ఉండి, తెలుగు చదవడానికి మొండికేస్తుంటే ఒక షాడో చేతిలో పెట్టి చూడండి. పెద్దయ్యాక మొదటిసారి చదివేవాళ్లకి మాత్రం అంత పట్టకపోవచ్చు.

ఇక సీరియల్ నవలలు. అసలు విషయం ఇక్కడే ఉంది.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. 1960ల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. దీన్ని 'ఆరడుగుల హీరో, పెద్ద కారు, పేదింటి అమ్మాయి' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు చాలామంది. రాజశేఖరం అలాగే ఉంటాడు, కాదనను. కానీ నవల నడిచేది అతని వల్ల కాదు, జయంతి వల్ల. ఆడపిల్ల ఆఫీసుకి వెళ్లడమే వింత అనుకునే రోజుల్లో, ఉద్యోగం చేసుకుంటూ, నలుగురూ అనే మాటలు భరిస్తూ, జీతం ఇచ్చేవాడి ముందు తల వంచకుండా నిలబడిన అమ్మాయి. వాళ్లిద్దరి మధ్య మాటలు జరిగే ప్రతిచోటా ఒకసారి ఆగి చూడండి. అతను ఏదో ఇస్తానంటాడు, ఈమె ఎందుకు తీసుకోవాలని అడుగుతుంది. ఆ లాగుడు పీకుడులోనే కథంతా ఉంది. అప్పట్లో వేల మంది ఆడవాళ్లు పత్రిక కోసం ఎదురు చూసింది హీరో కోసమే అని నేననుకోను. జయంతి ఈసారి ఏం సమాధానం చెప్తుందో చూడాలని కూడా.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఇప్పుడు మనం దీన్ని ఒకే ఆదివారం మొత్తం చదివేద్దామని కూర్చుంటాం. అప్పుడు అపార్థాలు ఎక్కువైనట్టు, చెప్పిందే చెప్తున్నట్టు అనిపిస్తుంది. నెలకోసారి చదివినవాళ్లకి ఆ గుర్తుచేయడం అవసరం, మనకి అక్కర్లేదు. అందుకే సీరియల్ నవలని రోజుకి రెండు మూడు అధ్యాయాల చొప్పున చదవమంటాను. రాత్రి పడుకునే ముందు అరగంట పెట్టుకోండి. అధ్యాయం ఒక మలుపు దగ్గర ఆగుతుంది. మీరూ అక్కడే ఆగండి. రేపటిదాకా ఆ టెన్షన్ ఉండనివ్వండి. ఈ నవలలు ఆ ఎదురుచూపు కోసమే రాసినవి.

యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' కూడా అంతే, 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. దీన్ని హారర్ అరలో పెడతారు. చిన్నపాప తులసి మీద చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి. ఆ పేరు వింటేనే అప్పట్లో పిల్లలు దుప్పటి ముసుగు తన్నేవాళ్లు. కానీ భయం ఒక్కటే అయితే ఇన్నేళ్లు నిలబడదు. ఒకవైపు డాక్టర్లు, మనస్తత్వ శాస్త్రం, హిప్నాటిజం. ఇంకోవైపు మంత్రగాళ్లు. పాపకి గడువు దగ్గర పడుతుంటుంది. ఏ పక్షం గెలుస్తుందో తేల్చకుండా చివరిదాకా లాక్కెళ్తాడు రచయిత. నిజానికి ఇది గడియారం పెట్టి నడిపిన థ్రిల్లర్. హారర్ అంటే పడనివాళ్లు కూడా ఆపకుండా చదువుతారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలు మన పల్లెల్లో జరిగాయి. అనుమానం ఎక్కువగా పడేది పేదవాళ్ల మీద, ఒంటరి ఆడవాళ్ల మీద. కాబట్టి ఈ నవలని కథగా మాత్రమే చదవాలి. రంగనాయకమ్మ గారు దీన్ని తీవ్రంగా విమర్శిస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాశారు. పేరు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము'. నా సలహా, రెండూ చదవండి. ముందు నవల, తర్వాత విమర్శ. ఒక పాపులర్ నవలని ఎవరైనా ఇంత సీరియస్‌గా తీసుకుని పేజీ పేజీకి వాదించడం ఎంత మంచి విషయమో చూడండి. నవల నడక విషయంలో నేను యండమూరి పక్షం, అది చదివించే తీరుని ఎవరూ కాదనలేరు. నమ్మకాల విషయంలో రంగనాయకమ్మ గారి పక్షం.

ఆయనదే 'వెన్నెల్లో ఆడపిల్ల'. ప్రేమకథలు నావల్ల కాదు అనేవాళ్లకి నేనిచ్చే పుస్తకం ఇదే. రేవంత్ అనే చెస్ ఆటగాడికి ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తుంది. తనెవరో చెప్పదు. చిక్కుప్రశ్నలు ఇచ్చి కనుక్కోమంటుంది. ఇక ఆ నవలంతా మీరు కూడా పెన్నూ కాగితం పట్టుకుని కూర్చోవాల్సిందే. లెక్కలు, పజిల్స్ ఇష్టపడే కుర్రాళ్లు ఇందులో ఇట్టే మునిగిపోతారు, ప్రేమకథ చదువుతున్నామని మధ్యలో ఎప్పుడో తెలుస్తుంది. కన్నడంలో 1995లో అనంత్‌నాగ్‌తో సినిమాగా తీశారు. ముగింపు గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

హాస్యంలో రెండు. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి 'చంటబ్బాయ్', జంధ్యాల గారు 1986లో చిరంజీవితో సినిమా తీసిన కథ. యుగంధర్‌ని చదివాక దీన్ని చదివితే రెట్టింపు సరదాగా ఉంటుంది, ఎందుకంటే డిటెక్టివ్ నవలల మీదే నవ్వు.

రెండోది మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం'. 1920ల్లో మొదటి భాగం వచ్చింది, మొత్తం మూడు భాగాలు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరి బారిస్టరు చదువుకి సీమకి, అంటే బ్రిటన్‌కి, వెళ్తాడు. రైలు కొత్త, హోటలు కొత్త, ఓడ కొత్త. ప్రతిదానికీ తనకి తోచిన అర్థం చెప్పుకుంటూ పోతాడు. రచయిత పార్వతీశాన్ని ఎక్కడా చిన్నబుచ్చడు, అందుకే మనకి అతని మీద ప్రేమ పుడుతుంది. విదేశాలకి వెళ్లి చదువుకుంటున్న పిల్లలు దీన్ని తప్పకుండా చదవాలి. మొదటిసారి ఎయిర్‌పోర్టులో పడ్డ కంగారంతా ఇందులో కనిపిస్తుంది. మొదటి భాగం అన్నిటికంటే బాగుంటుంది. టైమ్ లేకపోతే అదొక్కటి చాలు.

చివరగా చారిత్రకం. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్ర ఇదే, కాబట్టి పేరు మీకు తెలుసు. నవల మొదట్లోనే గన్నారెడ్డి పెళ్లి జరుగుతున్న చోటి నుంచి పెళ్లికొడుకుని ఎత్తుకుపోతాడు! అంత ఊపుగా మొదలయ్యాక కథ నెమ్మదిస్తుంది. బాపిరాజు గారు కవి, చిత్రకారుడు కూడా. కోట గురించి చెప్తే రాయి రాయీ చూపిస్తారు, నగల గురించి చెప్తే పేర్లన్నీ వరసగా చెప్తారు. రోజూ రెండు అధ్యాయాలు అన్న నా పద్ధతి దీనికి పనికిరాదు. పండగ సెలవులకి ఊరెళ్లినప్పుడు తీసుకెళ్లండి, వరుసగా నాలుగైదు రోజులు దానిలోనే ఉండండి. ఆఫీసు బస్సులో చదువుదామని మాత్రం కొనకండి.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి అంటే, ఎక్కువభాగం ఇప్పటికీ కొత్త ముద్రణల్లో వస్తున్నాయి. విజయవాడలో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడగండి. హైదరాబాదులో అయితే డిసెంబరులో జరిగే బుక్ ఫెయిర్‌కి వెళ్లండి, లేదా ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి వెళ్లండి. పాత కొమ్మూరి పుస్తకాలు కనబడితే బేరం ఆడే ముందే ఒక పని చేయండి. పుస్తకం వెనకనుంచి తెరిచి చివరి పది పేజీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి. అద్దె షాపుల్లో చేతులు మారిన పుస్తకాల్లో చిరిగిపోయేవి మొదటి పేజీలు, చివరి పేజీలే. డిటెక్టివ్ నవలలో హంతకుడి పేరు ఉండేది ఆ పేజీల్లోనే.