ఎర్రబడిన కన్ను, అడగని ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో ఎవరి కన్నయినా ఎర్రబడితే చుట్టుపక్కల వాళ్ళంతా ఒకటే మాట అంటారు: "మద్రాస్ ఐ." 1918లో ఈ ఊళ్ళో ఆ కళ్ళకలకను గుర్తించిన నాటి నుంచీ ఊరి పేరు దానికి అంటుకుపోయింది. కానీ ఎర్రబడిన ప్రతి కన్నూ మద్రాస్ ఐ కాదు. పేగుల జబ్బుల గురించి మాట్లాడమంటే ఈయన కంటి గురించి చెబుతున్నాడేమిటి అనుకుంటున్నారా? వస్తున్నా.

పెరంబూరులో ఉండే ఒక అమ్మాయి. మనవాళ్ళే, ఇంట్లో తెలుగు, బయట తమిళం. కుడి కన్ను ఎర్రబడింది. ఆఫీసులో అందరూ దూరం జరిగి, ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేసుకుంది. తగ్గలేదు. కళ్ళకలక అయితే నీరు కారుతుంది, పుసి కడుతుంది, పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. ఈమెకు అవేమీ లేవు. ఉన్నది నొప్పి. ట్యూబ్‌లైటు వేస్తే తల తిప్పేసుకుంటోంది. చూపు మసకబారింది.

కంటి డాక్టరు పరీక్ష చేసి, "ఇది యువియైటిస్. కంటి మధ్య పొర వాచింది" అన్నారు. అక్కడితో ఆగకుండా మరో ప్రశ్న వేశారు, నాకు చాలా ఇష్టమైన ప్రశ్న: "మోషన్స్ ఎలా అవుతున్నాయమ్మా?"

అమ్మాయి నోరు విప్పలేదు. వాళ్ళమ్మగారే అందుకున్నారు. "మూలశంక ఉందండీ, అప్పుడప్పుడు రక్తం పడుతుంది. వేడి చేసిందని మజ్జిగ, సబ్జా ఇస్తున్నాను."

అలా పేగుల డాక్టరునైన నా దగ్గరకు పంపారు. నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఆర్నెల్లుగా విరేచనాలు. రాత్రి నిద్రలో లేచి మరీ వెళ్ళాల్సి వస్తోంది, ఆ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. బరువు తగ్గింది. మోకాళ్ళు వాస్తున్నాయి, దానికి షాపులో కొన్న నొప్పి బిళ్ళలు మింగుతోంది. కాళ్ళ ముందు భాగంలో ఎర్రటి గడ్డలు, ముట్టుకుంటే నొప్పి. దోమలు కుట్టాయనుకుంది. చెన్నై దోమల మీద ఎన్ని నిందలు వేసినా తప్పు లేదు గానీ, ఇది మాత్రం వాటి పని కాదు.

కొలనోస్కోపీ చేశాం, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూశాం. పెద్దపేగు లోపలి పొర ఎర్రగా వాచి, పుండ్లు పడి ఉంది. అల్సరేటివ్ కొలైటిస్. మూలశంక కాదు, వేడి అంతకన్నా కాదు. మన దేశంలో పేగులకు టీబీ కూడా వస్తుంది కాబట్టి, అది లేదని చూసుకున్నాకే మందులు మొదలుపెట్టాం.

మరి పేగు జబ్బుకూ కంటికీ సంబంధం ఏమిటి? మన ఒంట్లోని రక్షణ కణాల్లో పెద్ద వాటా పేగు గోడల్లోనే ఉంటుంది. ఈ జబ్బులో అవి రెచ్చిపోయి సొంత పేగు మీదే తిరగబడతాయి. రక్తంలో కలిసి బయటికీ వెళతాయి. కీళ్ళకు, చర్మానికి, కంటికి. కొందరిలో వెన్నెముకకు, కాలేయంలోని పిత్తనాళాలకు. రక్తం పోయి రక్తహీనత రావడం, జబ్బు ముదిరినప్పుడు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఉన్నాయి. దీనికి తోబుట్టువులాంటి క్రోన్స్ అనే పేగు జబ్బులో చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే బి12 విటమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అన్నీ ఒక్కరికే రావు, కంగారు పడకండి.

ఆ అమ్మాయికి పేగు కుదుటపడేసరికి కాళ్ళ మీద గడ్డలు పోయాయి, మోకాళ్ళ వాపు తగ్గింది. కన్ను మాత్రం పేగు మాట వినదు. పేగు బాగున్నా యువియైటిస్ మళ్ళీ రావచ్చు, అందుకే కంటి డాక్టరు దగ్గర విడిగా మందు వాడింది. నొప్పి బిళ్ళలు మాన్పించాను. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి ఆ బిళ్ళలే పేగును మళ్ళీ రేపుతాయి. ఇది చాలామందికి తెలియదు, షాపులో అడిగిన వెంటనే ఇచ్చేస్తారు.

బయట బిర్యానీ తిని రెండు రోజులు లూజ్ మోషన్స్ అయితే అది వేరు. వారాల తరబడి సాగితే, రక్తం పడితే, నిద్రలోంచి లేపితే వేరు. రక్తం పడగానే మూలశంక అని మనమే తేల్చేసుకోవడం నాకు అస్సలు నచ్చని అలవాటు.

డాక్టరు ముందు ఈ సంగతులు చెప్పడానికి సిగ్గేస్తుంది, నాకు తెలుసు. అందుకే కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఎన్నాళ్ళ నుంచి, రోజుకు ఎన్నిసార్లు, రాత్రి లేవాల్సి వస్తోందా, రక్తం మలంలో కలిసి ఉందా, విడిగా పడుతోందా, ఏ నొప్పి బిళ్ళలు వాడుతున్నారు. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినా, కీళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళినా అదే కాగితం చేతికివ్వండి. కన్ను ఎర్రబడి, నొప్పి ఉండి, వెలుతురు చూడలేకపోతుంటే మాత్రం కాగితం రాసుకుంటూ కూర్చోవద్దు, ఇంట్లో మిగిలిన పాత చుక్కలు వెయ్యొద్దు, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

నమస్కారం.