ఖాతా తెరవడానికి ఏ కాగితాలు కావాలి: అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో ఉండేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి సొంతూరు ఒకచోట, బతుకుదెరువు హైదరాబాద్‌లో. అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చిన పిల్లలున్నారు, కూకట్‌పల్లిలో అద్దెకుండే కుటుంబాలున్నాయి, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లుగా, ఇళ్లలో పనికి కుదిరినవాళ్లున్నారు. మీ ఆధార్ మీద నల్గొండ జిల్లా అనో శ్రీకాకుళం అనో ఉంటుంది, మీరుండేది ఇక్కడ. సేవింగ్స్ ఖాతా కోసం బ్యాంకుకు వెళ్తే మొదట తగిలే చిక్కు అదే. అడిగే కాగితాలు నిజానికి తక్కువే. పని ఆగేది అవి లేక కాదు, ఉన్నవి ఒకదానితో ఒకటి కలవక.

ముందు జాబితా చూద్దాం. రిజర్వ్ బ్యాంకు కేవైసీ (ఖాతాదారు ఎవరో, ఎక్కడుంటారో బ్యాంకు నిర్ధారించుకోవడం) నిబంధనల ప్రకారం గుర్తింపుకీ చిరునామాకీ చెల్లేవి ఆరు పత్రాలు: ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకమున్న ఉపాధి హామీ జాబ్ కార్డు, పేరూ చిరునామా ఉన్న జాతీయ జనాభా రిజిస్టర్ లేఖ. వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. దానికి తోడు పాన్ కార్డు, అది లేకపోతే పాన్ లేదని రాసిచ్చే ఫారం 60. ఇటీవల తీయించుకున్న ఫొటో. ఇంతే.

ఈ జాబితాలో రేషన్ కార్డు లేదు. కాలేజీ ఐడీ, కంపెనీ ఐడీ లేవు. పాన్ అడుగుతారు కానీ దాని మీద చిరునామా ఉండదు కాబట్టి అది ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. గడువు తీరిన లైసెన్సు, పాస్‌పోర్టు కూడా పనికిరావు. ఫోన్‌లో దిగిన కార్డు ఫొటో ఒరిజినల్ కింద లెక్కకు రాదు. డిజిలాకర్‌లో, అంటే ప్రభుత్వ పత్రాలు దాచుకునే సర్కారు యాప్‌లో, జారీ అయిన పత్రం మాత్రం చెల్లుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆధార్ తప్పనిసరా అని అడుగుతుంటారు. ఖాతాకు ఆధార్ లింకు చేసి తీరాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసింది. ఓటరు కార్డుతో ఖాతా తెరవొచ్చు. కాకపోతే గ్యాస్ సబ్సిడీ లాంటి సర్కారు సొమ్ము నేరుగా ఆ ఖాతాలో పడాలంటే ఆధార్ ఇవ్వాల్సిందే.

ఇప్పుడు అడ్రసు సంగతి. కౌంటర్ దగ్గర వేలిముద్ర వేసి ఆధార్ ఈ-కేవైసీ చేయించుకుంటే, అందులో ఊరి చిరునామా ఉన్నా ఇబ్బంది లేదు. ప్రస్తుతం నేను ఉంటున్న చిరునామా ఇది అని మీరే రాసి సంతకం చేసిన ధృవీకరణ ఇస్తే నిబంధనల ప్రకారం చాలు. ఇది చాలామందికి తెలియదు, కొన్ని బ్రాంచీల్లో చెప్పరు కూడా. నోరు తెరిచి అడగండి. ఆ కాగితంలో ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, హాస్టలైతే దాని పేరు, కాలనీ, దగ్గర్లో గుర్తు, పిన్‌కోడ్ అన్నీ రాయాలి. డెబిట్ కార్డు, చెక్‌బుక్ వచ్చేది ఆ చిరునామాకే. పోస్టుమ్యాన్ వచ్చినప్పుడు మీరు లేకపోతే కవరు వెనక్కి పోతుంది, దానికోసం మళ్లీ బ్రాంచీ చుట్టూ తిరగాలి. త్వరలో గది మారే ఆలోచన ఉంటే కార్డు చేతికొచ్చేదాకా ఆగండి.

ఈ-కేవైసీ కాకుండా వేరే పత్రం ఇచ్చి, దాని మీద పాత చిరునామా ఉంటే దారి వేరు. మీ పేరు మీద రెండు నెలలు దాటని కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ల్యాండ్‌లైన్ లేదా పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు, పైపు గ్యాస్ బిల్లు, లేదంటే ఆస్తిపన్ను రసీదు తాత్కాలికంగా తీసుకుంటారు. మూడు నెలల్లోగా కొత్త చిరునామాతో ఆ ఆరింటిలో ఒక పత్రం ఇవ్వాలి. ఇక్కడే అద్దెకుండేవాళ్లకు దెబ్బ పడుతుంది. కరెంటు బిల్లు, జీహెచ్‌ఎంసీ పన్ను రసీదు ఓనరు పేరు మీద ఉంటాయి కదా, అవి మీకు చిరునామా రుజువు కావు. సిలిండర్ రసీదు, ప్రీపెయిడ్ రీఛార్జి రసీదు ఈ లెక్కలోకి రావు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ చేయించిన అద్దె ఒప్పందం కూడా జాబితాలో లేదు. కొన్ని బ్రాంచీలు అదనపు రుజువుగా అడుగుతాయి, ఇవ్వండి. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం బయల్దేరొద్దు.

పేర్ల గొడవ దీనికంటే పెద్దది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది. కొండపల్లి వెంకట రమణ ఒకదాంట్లో కె. వెంకటరమణ, ఇంకోదాంట్లో వెంకట రమణ కొండపల్లి. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట కె ఎస్ హెచ్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాస్తారు. మనిషి చూస్తే ఒకరే అని తెలుస్తుంది, కంప్యూటర్ ఒప్పుకోదు. పాన్, ఆధార్ లింకు కాకపోవడానికి తరచూ ఇదే కారణం. లింకు కాని పాన్ పనిచేయని పాన్ కిందికి వెళ్తుంది. ఆ తర్వాత ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీద ఎక్కువ పన్ను కోస్తారు.

సరిచేసుకోవడానికి ఒక వరుస ఉంది. మొదట పదో తరగతి మెమోనో పాస్‌పోర్టునో ప్రమాణంగా పెట్టుకోండి. దాని ప్రకారం ఆధార్ సరిచేయించండి. ఆ తర్వాతే పాన్. బ్యాంకు అన్నిటికంటే చివర. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి కేంద్రంలో ఆపరేటర్ టైపు చేశాక రసీదు మీద ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు అక్షరాలు రెండూ చదివి చూసుకుని అప్పుడు సరేననండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లు పాత పేరున్న పత్రంతో పాటు ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధృవపత్రం గానీ గెజిట్ ప్రకటన గానీ జతచేస్తే పాత పత్రమే చెల్లుతుంది. శుభలేఖ చెల్లదు.

మూడోది ఫోన్ నంబరు. ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఇప్పుడు మీ దగ్గర ఉందా? లేకపోతే ఓటీపీ మీకు రాదు, ఆ నంబరు వాడుతున్న ఇంకొకరికి పోతుంది. ఆధార్ సేవా కేంద్రంలో వేలిముద్రతో నంబరు మారుస్తారు, దానికి ఏ పత్రమూ అక్కర్లేదు. ఈ పని ఖాతాకు వెళ్లడానికి ముందే చేసుకోండి.

మేస్త్రీ పని, బట్టలుతికే పని చేసేవాళ్లకు, పెద్దవాళ్లకు వేలిగీతలు అరిగిపోయి యంత్రం పట్టదు. వేలు తడిగుడ్డతో తుడిచి ఇంకో వేలుతో ప్రయత్నించమనండి. కంటిపాప, ముఖం ద్వారా ధృవీకరణ కూడా ఉంది. వయసు వల్లో గాయం వల్లో వేలిముద్ర పడనంత మాత్రాన తిప్పి పంపకూడదు. ఆధార్ మీదున్న క్యూఆర్ కోడ్ ద్వారా గానీ, మరో పత్రం ద్వారా గానీ చేయాలని నిబంధనల్లోనే ఉంది.

జిరాక్సుల విషయం. కాపీ మీద మీ సంతకం, తేదీ, ఖాతా ఏ బ్యాంకు కోసమో అడ్డంగా రాయండి. ఫొటో మీద, నంబరు మీద పడకుండా రాయాలి. బ్యాంకు అధికారి ఒరిజినల్ పక్కన పెట్టి పోల్చి చూసి వెంటనే మీకు తిరిగిచ్చేయాలి. జిరాక్సు షాపులో పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో ఆధార్ ఇచ్చి వదిలేయొద్దు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకునే సౌకర్యం ఉంది, కాపీలు ఇవ్వాల్సిన చోట అది వాడండి.

ఇంట్లో కూర్చుని ఓటీపీతో తెరిచిన ఖాతాకు హద్దులున్నాయని యువత గమనించాలి. అందులో నిల్వ లక్ష రూపాయలు దాటకూడదు, ఏడాదిలో జమలు 2 లక్షలు దాటకూడదు, ఏడాదిలోగా పూర్తి కేవైసీ చేయకపోతే ఖాతా మూతపడుతుంది. జీతం పడే ఖాతాకు ఇది సరిపోదు. పాన్ చేతిలో పట్టుకుని బ్యాంకు అధికారితో వీడియో కాల్‌లో జరిగే వీడియో కేవైసీ పూర్తిచేస్తే ఈ హద్దులు పోతాయి.

ఆరింటిలో ఒక్కటీ లేనివాళ్ల మాటేమిటి? వాళ్ల కోసమే చిన్న ఖాతా అని ఉంది. బ్యాంకు అధికారి ఎదుట సంతకం లేదా వేలిముద్ర, సొంతంగా ధృవీకరించిన ఫొటో, అంతే. నిల్వ 50 వేలు, నెలకు తీసేది 10 వేలు, ఏడాదికి జమ లక్ష, ఇవీ పరిమితులు. 12 నెలలు నడుస్తుంది. ఈలోగా ఆధార్‌కో ఓటరు కార్డుకో దరఖాస్తు చేసుకున్నట్టు చూపిస్తే ఇంకో 12 నెలలు పొడిగిస్తారు. నిన్నమొన్న పల్లె నుంచి వచ్చిన కూలీ కుటుంబానికి డబ్బు దాచుకునే చోటు ఇది. ఈ ఖాతా సంగతి బ్రాంచీలు వాటంతట అవి చెప్పడం అరుదు. మీరే పేరు పెట్టి అడగాలి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా కుదరదంటే కారణం అడగండి. కేవైసీ దరఖాస్తును తిరస్కరిస్తే అధికారి కారణం నమోదు చేయాలి. నోటిమాటతో వెనక్కి రాకుండా మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఎలా చేయాలో 14448కు ఫోన్ చేస్తే చెప్తారు. ఆ ముద్ర ఉన్న కాపీ అప్పుడు అవసరమవుతుంది, పోగొట్టుకోకండి.