ఇంగ్లాండ్‌లో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నా: సరైన టీచర్, సరైన బూట్లు దొరికాక ఏం మారిందంటే

హాయ్ అండి, అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్న ఎనిమిదిన్నర అయింది. కవెంట్రీ దాటేసి పల్లెటూరి రోడ్డెక్కాను. ఫోను డాష్‌బోర్డు మీద స్టాండులో ఉంది, నేను ముట్టుకోవట్లేదు, కంగారు పడకండి. కిందటి వారం గుర్రం మీద ఒక్క ఫొటో పెట్టానో లేదో, మా పిన్ని ఫోన్ చేసి "ఫొటోతో సరిపెడితే ఎలాగే, మొత్తం చూపించు" అంది. కామెంట్లలో కూడా చాలామంది అడిగారు. అందుకే ఈ వీడియో.

అదిగో, ముందు రెండు గుర్రాలు వెళ్తున్నాయి. స్లో చేశాను. ఇక్కడ హైవే కోడ్‌లో, అంటే రోడ్డు నియమాల పుస్తకంలో, గుర్రాన్ని దాటేటప్పుడు వేగం గంటకి 10 మైళ్లు మించొద్దని, కనీసం 2 మీటర్ల ఎడం ఇవ్వాలని ఉంటుంది. 2022లో చేసిన మార్పుల్లో ఈ అంకెలు చేర్చారు. హారన్ మాత్రం అస్సలు కొట్టకూడదు. చూశారా, గుర్రం మీదున్నావిడ చెయ్యెత్తి థాంక్స్ చెప్పింది! నాకు ఇలాంటివి భలే నచ్చుతాయండి. గుర్రం బెదిరితే మీద మనిషికి ప్రమాదం. అది తెలిసిన ఊళ్లో డ్రైవర్లు వెనకాలే ఓపిగ్గా వస్తారు.

సరే, అందరూ అడిగేది ముందు చెప్పేస్తాను. నేను వెళ్లేచోట అరగంట పాఠం 42 పౌండ్లు. పౌండుకి 115 రూపాయలు వేసుకుంటే 4,830. నెలకి నాలుగు శనివారాలంటే పందొమ్మిది వేలు దాటుతుంది. ఈ లెక్క వినగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బు సంగతి అలా ఉంచు, పడితే అక్కడ నిన్ను ఎవరు చూస్తారే" అంది. మా ఆయనకి నైట్ షిఫ్టులు. నిజంగానే ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అందుకే నేర్పే మనిషి విషయంలో ఇంత పట్టుదల.

ఇప్పుడు వెళ్లేది రెండోచోటు. మొదటిచోటు పేరు చెప్పను, జరిగింది మాత్రం చెబుతాను. ఫోన్లో బుక్ చేసినప్పుడు కార్డు నంబరు తప్ప ఏమీ అడగలేదు. ఇంతకు ముందు ఎక్కారా, ఎత్తెంత, బరువెంత, నడుము నొప్పులున్నాయా, ఏమీ లేదు. గుర్రం మోయగలిగే బరువుకి ఒక హద్దు ఉంటుంది కదా, మనల్ని అడగకుండా ఏ గుర్రం ఇస్తారు? ఆ రోజు నాకు అంత తెలీదు. కొండలెక్కడానికి కొనుక్కున్న లావుపాటి బూట్లు వేసుకుని వెళ్లాను. గట్టిగా ఉంటాయి, కాలికి రక్షణ అనుకున్నాను. ఆరుగురం ఉన్నాం. టీచర్ మధ్యలో నిలబడి అందరికీ కలిపి "మడమ కిందికి, మడమ కిందికి" అని అరుస్తూనే ఉన్నారు. ఎందుకు దించాలో, ఎలా దించాలో ఒక్క ముక్క చెప్పలేదు.

దిగేటప్పుడు ముందు రెండు పాదాలూ స్టిరప్‌ల నుంచి, అంటే జీనుకి వేలాడే ఇనుప రికాబుల నుంచి, తీసేసి అప్పుడు దిగాలి. కుడి కాలు వచ్చింది. ఎడమది రాలేదు. బూటు అడుగున లోతైన గాడులున్నాయి కదా, అవి ఇనుముని పట్టేశాయి. బూటు వెడల్పు కూడా ఎక్కువే, పక్కల అసలు సందు లేదు. అంతలో గుర్రం రెండడుగులు వేసింది. నేను జీను పట్టుకుని వేలాడుతున్నట్టే ఉన్నాను. పక్క పిల్లవాడి నాన్న పరిగెత్తుకొచ్చి పగ్గాలు పట్టుకున్నాడు. దెబ్బేమీ తగల్లేదు. కానీ కారులో కూర్చుని పది నిమిషాలు ఏడ్చానండి. గుర్రం మీద కోపం లేదు. అరగంట సేపు ఆ టీచర్ ఒక్కసారి కూడా నా కాళ్ల వంక చూడలేదే అని.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి. ఇంగ్లాండ్‌లో డబ్బులు తీసుకుని గుర్రాలు ఇచ్చే రైడింగ్ స్కూలుకి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. 2018 నాటి నిబంధనలు ఉన్నాయి, వెటర్నరీ డాక్టర్ కూడా వచ్చి చూస్తారు. ఆ కాగితం అందరికీ కనబడేలా పెట్టాలి. కానీ అది ముఖ్యంగా గుర్రాల బాగోగులు చూసి ఇచ్చేది. నేర్పే మనిషికి ఓపిక ఉందో లేదో అందులో రాసి ఉండదు. దానికి నేను బ్రిటిష్ హార్స్ సొసైటీ అనే సంస్థని పట్టుకున్నాను. ఇక్కడ బీహెచ్‌ఎస్ అంటారు, 1947 నుంచి ఉంది, ఆఫీసు మా పక్కనే కెనిల్‌వర్త్ దగ్గర. వాళ్లు గుర్తించిన కోచ్‌లకి పరీక్షలు, ఫస్ట్ ఎయిడ్, ఇన్సూరెన్స్, పిల్లలతో పనిచేయడానికి నేర చరిత్ర తనిఖీ, అన్నీ ఉండాలి. ఆ జాబితాలోంచి మూడు చోట్లు ఎంచుకున్నాను. ఈసారి బుక్ చేయకుండా ముందు వెళ్లి ఊరికే కూర్చుని చూశాను. "మీ పాఠం ఒకటి చూడొచ్చా" అని అడిగితే మంచిచోట కాదనరు. కాదన్నారంటే ఇంక అక్కడ ఆగక్కర్లేదు.

ఆ మూడింట్లో చివరిచోట చిన్న పాప ఏడుస్తోంది, గుర్రం కదలట్లేదని. టీచర్ దగ్గరికెళ్లి పాప పాదం పట్టుకుని మెల్లగా ఏదో చెప్పింది. పాప నవ్వింది, గుర్రం నడిచింది. ఆవిడకి యాభై పైనే ఉంటాయి. నాతో మాట్లాడేటప్పుడు మొట్టమొదట కిందికి, నా కాళ్ల వంక చూసింది. "ఈ బూట్లతో నిన్ను ఎక్కించను. మావి ఒక జత ఇస్తాను, నచ్చితే తర్వాత కొనుక్కో" అంది. అప్పుడే అనుకున్నాను, నా టీచర్ ఈవిడే అని.

బూట్ల గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, నేను చాలా తిరిగాను. మడమ ఒక అంగుళం దాకా ఎత్తుండాలి. అది లేకపోతే పాదం రికాబులోంచి ముందుకి దూసుకుపోతుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. అడుగు ఇంచుమించు నున్నగా ఉండాలి, అవసరమైనప్పుడు కాలు ఇట్టే బయటికి రావడానికి. బూటుకి అటు అర అంగుళం, ఇటు అర అంగుళం సందు ఉండేలా రికాబు చూసుకోవాలి. చీలమండ కప్పాలి, కానీ బిగుసుకుపోకూడదు. మడమ దించాలంటే అక్కడ వంగాలి కదా. షాపుకి సాయంత్రం వెళ్లండి, రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. వేసుకునే సాక్సులతోనే చూసుకోండి. నేను షాపులో మెట్టు అంచున ముందుపాదం పెట్టి మడమ కిందికి వదిలి చూశాను. రెండు జతలు చీలమండ వెనక కోశాయి. మూడోది, పక్కన ఎలాస్టిక్ ఉన్న తోలు బూటు, అసలు వేసుకున్నట్టే లేదు. 60 పౌండ్లు, అంటే 6,900 రూపాయలు. పిక్కలకి చుట్టుకునే హాఫ్ చాప్స్ ఇంకో 30 పౌండ్లు. రికాబు తోలు పిక్కని గిల్లకుండా అవి కాపాడతాయి. తొలి రెండు వారాలు నాకు పిక్కలు కమిలిపోయాయి, అందుకే వాటికి వెనకాడలేదు.

ఈ బూట్ల పేరేంటో తెలుసా? జోధ్‌పూర్ బూట్లు! వీళ్లు "జోడ్‌పర్" అంటారు. స్వారీ పాంటుకి కూడా అదే పేరు. సర్ ప్రతాప్ సింగ్ అని జోధ్‌పూర్ రాజవంశీకుడు, పోలో ఆటగాడు, విక్టోరియా రాణి పాలన ఉత్సవాలకి ఇక్కడికొచ్చినప్పుడు ఆ పాంట్లు చూసి వీళ్లు ముచ్చటపడ్డారని చెబుతారు. షాపులో అమ్మాయికి ఇది మా దేశంలో ఊరు అని చెప్పాను. ఆ రోజంతా ఒళ్లు తేలికగా ఉందండి.

ఇంకోటి. గుర్రం ఎత్తుని ఇక్కడ "హ్యాండ్స్"లో కొలుస్తారు, ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు. మన బెత్తెడు లాంటిదే, కాస్త పెద్దది. నేనెక్కే గుర్రం 15 హ్యాండ్స్, అంటే 60 అంగుళాలు, మెడ మొదట్లో భుజాల మీది ఎత్తు దాకా.

వచ్చేశాం. బురద చూడండి! పాఠం తర్వాత మాట్లాడతాను.

అయిపోయింది. ఆయాసంగా ఉంది, సారీ. ఈ రోజు ట్రాట్‌లో, అదే గుర్రం చిన్న పరుగులో, లేచి కూర్చోవడం, అంటే గుర్రం అడుగుల లయకి తగ్గట్టు లేవడం, వరసగా ఒక చుట్టు తప్పకుండా చేశాను. మా టీచర్ "మడమ కిందికి" అని ఎప్పుడూ అనదు. నా బూటు మడమ మీద రెండు వేళ్లు ఆనించి, "నీ బరువంతా ఇక్కడ నా వేళ్లలోకి కారనివ్వు" అంది. కారింది. మోకాళ్లు వాటంతటవే వదులయ్యాయి, ఊపిరి కిందిదాకా వెళ్లింది. ఇన్ని వారాలుగా బిగబట్టుకుని కూర్చుంటున్నానని నాకు అప్పటిదాకా తెలియనే లేదు.

ఎక్కేముందు ప్రతిసారీ గిట్టలు నాతోనే శుభ్రం చేయిస్తుంది. గుర్రం కాలు ఎత్తి పట్టుకుని, చిన్న ఇనుప కొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకి బురద గీకాలి. మధ్యలో త్రికోణంలా మెత్తటి భాగం ఉంటుంది, అక్కడ పొడవకూడదు. ఈ రోజు ఎడమ వెనక కాల్లో నాడాకీ గిట్టకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంది. అది ఊడి సిమెంటు మీద టక్కున పడగానే గుర్రం పెద్దగా ఊపిరి వదిలి, బరువు ఆ కాలి మీద వేసి నిలబడింది.

మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న, జట్కా తోలేవాడు. నేను పుట్టేసరికి బండి లేదు, గుర్రమూ లేదు. గోడకి కొట్టిన మేకుకి కళ్లెం ఒకటి వేలాడేది, అంతే.

ఇప్పుడే అమ్మకి వీడియో కాల్ చేశాను. ఖర్చు సంగతి ఎత్తలేదు. గుర్రం మొహం చూపించాను, జూలు చూపించాను, నా కొత్త బూట్లు చూపించాను.

"అవన్నీ ఉండనీ, కెమెరా కిందికి దించు" అంది అమ్మ. "దాని కాళ్లు చూడనీ. మా నాన్న నాలుగు కాళ్లూ ఎత్తి చూడకుండా బండి కట్టేవాడు కాదు."

ఫోను పట్టుకుని బురదలో కూర్చున్నాను. ముందు కాళ్లు రెండూ అయ్యాయి. ఇప్పుడు వెనక కాళ్లు చూపిస్తున్నాను.