భూమధ్యరేఖ మీద పెంగ్విన్లా? గాలాపగోస్ చూడాలంటే పడమటి దీవులకే వెళ్లండి

[దృశ్యం: నల్లటి లావా రాళ్ల మీద గుంపుగా ఇగువానాలు]

ఈ బల్లి తుమ్మింది చూశారా? ముక్కులోంచి చిమ్మింది ఉప్పునీళ్లు. సముద్రంలో మునిగి నాచు మేసే బల్లి ప్రపంచంలో ఈ మెరైన్ ఇగువానా ఒక్కటే. నాచుతో పాటు ఒంట్లో చేరిన ఉప్పును ఇలా వదిలించుకుంటుంది.

[మ్యాప్: ఈక్వెడార్ తీరం నుంచి పడమరకు]

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ తీరానికి దాదాపు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి గాలాపగోస్ దీవులు. అన్నీ అగ్నిపర్వతాలు పుట్టించినవే. తూర్పు దీవులు పాతవి, పడమటివి కొత్తవి. పడమటి అంచున ఉన్న ఫెర్నాండినా 2024 మార్చిలో కూడా లావా కక్కింది.

ఈ దీవులు ఏ ఖండానికీ ఎన్నడూ అతుక్కుని లేవు. ఇక్కడి జీవులు ఎగిరొచ్చినవో, ఈదొచ్చినవో, కొట్టుకొచ్చినవో. పిల్లి, నక్క లాంటి వేట జంతువులు మాత్రం వాటంతట అవి రాలేకపోయాయి.

[దృశ్యం: పొట్టి రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి]

పారిపోవాల్సిన అవసరం లేదు, తిండేమో నీళ్లలో. అందుకే ఈ నీటికాకి తరతరాలుగా ఎగరడమే మానేసింది. ఇది ఫెర్నాండినా, ఇసబెలా దీవుల తీరాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మరి పెంగ్విన్లు? అదంతా నీటి మహిమ. సముద్రం లోతున పడమటి నుంచి వచ్చే చల్లటి క్రామ్‌వెల్ ప్రవాహం ఈ దీవులకు కొట్టుకుని పైకి లేస్తుంది. దాంతో పోషకాలు పైకొస్తాయి, నాచు పెరుగుతుంది, చేపలు చేరతాయి. ఎల్ నినో వచ్చి నీళ్లు వేడెక్కితే కష్టకాలమే. 1982-83లో పెంగ్విన్లలో నాలుగింట మూడు వంతులకు పైగా చనిపోయాయి. తిండి దొరక్క ఇగువానాల ఒళ్లే కాదు, పొడవు కూడా తగ్గుతుంది! వెన్నెముక ఉన్న జీవిలో ఇలా జరగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

[దృశ్యం: విమానాశ్రయంలో సామాను తనిఖీ]

వెళ్లేవాళ్లకు: ముందు ఈక్వెడార్‌లోని కీటో లేదా గ్వయకీల్ చేరాలి, అక్కడి నుంచి దీవులకు విమానం. 2024 ఆగస్టు నుంచి చాలా దేశాలవాళ్లకు పార్కు రుసుము పెద్దలకు 200 డాలర్లు. గింజలు, పురుగులు రాకుండా సామానంతా వెతుకుతారు, విసుక్కోకండి. మనుషులు తెచ్చిన మేకలు ఇసబెలా ఉత్తరభాగాన్ని, శాంటియాగో దీవిని బోడి చేస్తే, లక్షకు పైగా మేకలను ఏరివేయాల్సి వచ్చింది. జంతువులు మిమ్మల్ని చూసి బెదరవు. రెండు మీటర్ల దూరం మీరే పాటించాలి.

శాంటాక్రూజ్ దీవిలో బస చేసి తాబేళ్లను చూసి వచ్చేయడం తేలికే. కానీ నా మాట వినండి, పడమటి దీవులు చుట్టే ఓడ యాత్రే ఎంచుకోండి. ఫెర్నాండినాలో ఊళ్లు లేవు, హోటళ్లు లేవు. అనుమతి ఉన్న ఓడలో, గైడు వెంట, పుంటా ఎస్పినోసా దగ్గర దిగాలి. నీళ్లు చల్లగా ఉండే జూన్-నవంబర్ మధ్య అయితే మరీ మంచిది.