బొమ్మలోకి నీళ్లు ఎలా వస్తాయి?

అందరికీ నమస్కారం. సముద్రగర్భాన్ని చూపించే బొమ్మలు చాలావాటిలో చేపలుంటాయి, పగడాలుంటాయి, నీళ్లు మాత్రం ఉండవు. ఈ లోటు గురించే ఇవాళ మాట్లాడతాను.

స్నార్కెలింగ్‌లో, అంటే గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటిపైన ఈదేటప్పుడు, మాస్క్ పెట్టుకుని, బోర్లా తేలుతూ కిందికి చూడండి. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. నీలం చాలా లోతుకు దిగుతుంది. లోతుకే కాదు, మన కంటికీ పగడానికీ మధ్యనున్న నీటికీ ఇదే లెక్క. అందుకని రంగు ట్యూబులోంచి తీసిన ఎరుపును దూరపు పగడానికి అలాగే పూయకండి. అది మాస్క్ ముందుకొచ్చిన చేపకే దక్కాలి.

ఇక చేప సంగతి. గుండ్రని వస్తువుకి మనం పైన వెలుగు, కింద నీడ వేస్తాం. చాలా చేపల ఒళ్లు దీనికి సరిగ్గా తలకిందులు: వీపు ముదురు, పొట్ట లేత. పైనుంచి పడే వెలుగుతో ఈ రంగులు సరితూగి, ఒళ్లు చదునుగా కనిపిస్తూ నీటిలో కలిసిపోతుంది. 1896లో ఈ సూత్రాన్ని వివరించిన అబట్ థేయర్ అమెరికన్ చిత్రకారుడు. వెలుగునీడలతో రోజూ కుస్తీ పట్టేవాడికి ఇది తట్టిందంటే ఆశ్చర్యమేముంది! అలాంటి చేపకు గుండ్రదనం తెద్దామని వీపు మీద తెల్లటి మెరుపు పెట్టారంటే, అది ఒడ్డున పడ్డ చేపే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, లోతు తక్కువ చోట అలలు వెలుగును వలలా అల్లడం. ఆ గీతలు ఇసుక మీదా, చేప వీపు మీదా ఆగకుండా పాకుతుంటాయి. బొమ్మలోనూ వాటిని చేప అంచు దగ్గర తెంపకండి, ఇసుక మీదికి సాగనివ్వండి. నీళ్లు అక్కడే పుడతాయి.

ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1930లో పసిఫిక్ దీవి తాహితీ వెళ్లి, అక్కడి లగూన్లలో, అంటే పగడపు దిబ్బల లోపలి నిస్సారమైన సముద్రపు నీటిలో, ఈదాడు. 1946లో, అంటే 16 ఏళ్ల తర్వాత, పారిస్‌లో తన గది గోడ మీద తెల్ల కాగితం కత్తిరించి చేపల్ని, పగడాల్ని, నాచును అమర్చాడు. ‘ఓషియానీ, సముద్రం’ అలా పుట్టింది. గోడ రంగు మీద తెలుపు, అంతే. నీలం చుక్క లేదు, నేల లేదు, దిగంతరేఖ లేదు; అన్నీ తేలుతున్నాయి. నా దృష్టిలో అంత తడిసిన బొమ్మ ఇంకోటి లేదు.

అందుకే నీటిలో ఉన్నప్పుడు కెమెరా పక్కన పెట్టి చూడమంటాను. ఒడ్డుకొచ్చాక గుర్తున్నంతే గీయండి; గుర్తులేని పొలుసులు బొమ్మకి అక్కర్లేదు. పగడం ప్రాణమున్న జీవి, దాని మీద నిలబడొద్దు. ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు) మెల్లగా ఆడించండి, లేకపోతే ఇసుక రేగి ఏమీ కనిపించదు.

నా స్కెచ్‌లు ఆ బల్ల మీదున్నాయి. రండి, వాటిని చూస్తూ మీ ప్రశ్నలు మాట్లాడుకుందాం.