నీళ్ల కింద కాపెల్ కెలిన్

శ్రోతలకు నమస్కారం.

ఉత్తర వేల్స్‌లో బాలా అనే చిన్న పట్నం ఉంది. అక్కడినుంచి కొండదారి పట్టి పడమటికి వెళ్తే ఎడమచేతి వైపు ఓ పెద్ద జలాశయం కనిపిస్తుంది. పొడవు దాదాపు 4 కిలోమీటర్లు. అవతల 854 మీటర్ల ఆరెనిగ్ వౌర్ కొండ, గొర్రెలు మేసే బీళ్లు. మబ్బు దిగిందంటే కొండ, నీళ్లు ఒకే రంగులో కలిసిపోతాయి. పేరు ల్లిన్ కెలిన్. అసలు పలుకు మన అక్షరాలకు పూర్తిగా అందదు. నాలుకను అంగిలికి ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. ల్లిన్ అంటే సరస్సు, కెలిన్ అంటే ముళ్ల ఆకుల హోలీ చెట్టు.

ఆ నీళ్ల కింద కాపెల్ కెలిన్ అనే ఊరుండేది. చిన్న ఊరే. ప్రార్థనా మందిరం, బడి, పోస్టాఫీసు, చుట్టూ పొలాలు. ఇంట్లో, వీధిలో, బడిలో అందరూ మాట్లాడేది వెల్ష్ భాషే. మాతృభాష ఇంత నిండుగా బతికే ఊళ్లు అప్పటికే తగ్గిపోతున్నాయి. అందుకే ఈ ఊరి గొడవ దేశం గొడవైంది.

నీళ్లు కావలసింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి. ఆ నగరపాలక సంస్థ స్థానిక అనుమతులతో పనిలేకుండా నేరుగా లండన్ పార్లమెంటులో బిల్లు పెట్టింది. 1956లో ఊరివాళ్లు, బడిపిల్లలతో సహా, లివర్‌పూల్ వీధుల్లో నడిచారు. మీ ఇళ్లు భద్రంగా ఉన్నాయి, మా ఇళ్లు ముంచకండి అని బ్యానర్లు పట్టుకున్నారు. అయినా 1957లో బిల్లు చట్టమైంది. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరు కూడా దానికి ఓటు వేయలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ సంగతే.

ముంపు ఊరంటే ఏమిటో మన శ్రోతల్లో చాలామందికి వేరే చెప్పనక్కర్లేదు. బడి మూసేశారు, ఇళ్లు పడగొట్టారు. ఊళ్లో, చుట్టుపక్కల ఉన్న 67 మందిలో 48 మందికి ఇల్లు లేకుండా పోయింది. 1965 అక్టోబరులో ప్రారంభోత్సవం పెడితే జనం మైకు వైర్లు తెంపేశారు. సభ కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. ఆ మరుసటి ఏడే వేల్స్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రి నాయకుడు గ్విన్‌వోర్ ఎవన్స్ ఆ పార్టీ తొలి ఎంపీగా గెలిచారు.

ఇక్కడి నీళ్లు పైపుల్లో నేరుగా లివర్‌పూల్‌కు పోవు. వానాకాలపు నీటిని ఆపి, కావలసినప్పుడు త్రివెరిన్ నదిలోకి వదులుతారు. అది బాలా దగ్గర డీ నదిలో కలుస్తుంది. ఎంతో దిగువన ఆ డీ నుంచే నగరానికి నీళ్లు తోడుకుంటారు. ఆనకట్ట కింద ఆ ఉరవడిలోనే ఇప్పుడు పడవ పందేలు కూడా జరుగుతాయి.

పడమటి తీరాన అబెరిస్ట్‌విత్ పట్నానికి దగ్గర్లో, దారి పక్కన ఒక పాడుబడ్డ ఇంటి గోడ ఉంది. త్రివెరిన్‌ను గుర్తుపెట్టుకోండి అని 1960లలో ఓ యువకుడు దానిమీద పెయింటుతో రాశాడు. 2005లో లివర్‌పూల్ నగర సభ క్షమాపణ చెప్పింది. 2019లో ఎవరో ఆ గోడను కొంత పడగొట్టారు. జనం వెళ్లి రాళ్లు మళ్లీ పేర్చారు. ఆ తర్వాత అవే మాటలు వేల్స్‌లో ఎన్నో ఇతర గోడల మీదికి ఎక్కాయి.